చీపురు జోస్యం

సినిమా హాలు ఊడ్చేవాళ్ళకి మనుషుల మీద గౌరవం ఎక్కువకాలం నిలవదు. పెద్దక్కకి మొదటి నెలలోనే పోయింది. తెర మీద తల్లి చనిపోతుంటే వెక్కి వెక్కి ఏడ్చినవాళ్ళే, లేచి వెళ్ళేముందు నమిలిన చూయింగ్ గమ్ తీసి సీటు కింద అంటించి పోతారు. ముక్కు తుడిచిన కాగితాలు, దువ్వెన్నుంచి పీకి పారేసిన జుట్టు, కొరికి ఉమ్మేసిన బిస్కెట్లు, ఒకసారైతే పెట్టుడు పళ్ళు. వాటికోసం ఎవరైనా వస్తారేమోనని వారం రోజులు మూత ఉన్న డబ్బాలో దాచింది. ఎవరూ రాలేదు.

హాల్లో మేనేజరు దగ్గర్నుంచి గేటు దగ్గర నిలబడేవాడి దాకా అందరికీ ఆవిడ పెద్దక్కే. యాభై ఆరేళ్ళు. అందులో ఇరవై నాలుగు ఆ ఆరువందల నలభై సీట్ల మధ్యే గడిచాయి. ఒక ఆట అయిపోయి ఇంకో ఆట మొదలయ్యేలోపు దొరికేది ఇరవై నిమిషాలు. అంతలో ముగ్గురు ఆడవాళ్ళు హాలంతా ఊడ్చెయ్యాలి. మధ్య వరసలు ఆవిడవి. నడుం వంచిందంటే మళ్ళీ వెనక గోడ తగిలాకే ఎత్తేది.

ఆవిడ సినిమాలు చూడదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు గానీ నిజం. తెరకి వీపు పెట్టి ఇరవై నాలుగేళ్ళు పనిచేసింది. చూడాల్సింది నేల మీద ఉంటుందని ఆవిడ లెక్క. మనసు తెర మీద ఉన్నవాడు తినడం మర్చిపోతాడు. అందుకని మంచి సినిమా వదిలాక సీట్ల కింద నిండు డబ్బాలు దొరుకుతాయి, చల్లారిన టీలు దొరుకుతాయి. విసుగు పుట్టినవాడు నములుతాడు, కదులుతాడు, కాళ్ళు చాపుతాడు, పక్కవాడి డబ్బా తన్నేస్తాడు. చెత్త సినిమా వదిలాక నేలంతా పాప్‌కార్నే. సౌండు సంగతీ చీపురుకి తెలుస్తుంది. చెవి ఒగ్గి వింటున్నవాడు బిస్కెట్ పొట్లం చింపడానిక్కూడా జంకుతాడు. చింపని పొట్లాలు ఎన్ని దొరికితే సౌండు అంత బాగున్నట్టు.

పదేళ్ళ కిందట ఒకరోజు మధ్యాహ్నం ఆటకి ఒక పత్రికాయన వచ్చాడు. సినిమా పేజీ ఆయనదే కాబట్టి హాల్లో అందరూ పేజీబాబు అనేవాళ్ళు. సమీక్ష రాయడానికి వచ్చి గుర్రుపెట్టి నిద్రపోయాడు. కాళ్ళ దగ్గర చీపురు చప్పుడుకి లేచి, కళ్ళు నులుముకుంటూ అడిగాడు.

"ఎలా ఉందమ్మా సినిమా?"

"ఈ ఏడు అవార్డు దీనికే వస్తది బాబూ. కాళ్ళు తియ్యండి."

ఆయన అది సరదాకి పేజీలో ఒక మూల వేశాడు. అవార్డు ఆ సినిమాకే వచ్చింది. మరుసటి ఏడు పేజీబాబు నిద్రపోకుండా వచ్చి, పెద్ద అవార్డుల్లో అయిదింటికి పేర్లు చెప్పించుకున్నాడు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, సౌండు. "చీపురు జోస్యం" అని శీర్షిక పెట్టి, పక్కన చీపురు బొమ్మ వేశాడు. పెద్దక్క పేరు వెయ్యలేదు, కింద తన పేరు వేసుకున్నాడు. ఆవిడకి అదేమీ పట్టలేదు. తొమ్మిదేళ్ళలో నలభై అయిదు పేర్లు చెబితే తప్పింది రెండే. ఆ పేపరు కత్తిరింపులన్నీ బిస్కెట్ డబ్బాలో పెట్టుకుంది. లోకమంతా వెధవలే అయినా తన చీపురు మాత్రం అబద్ధం చెప్పదని ఒక గీర ఉండేది ఆవిడకి. ఉండనీ, ఆ పనిలో అదీ లేకపోతే ఎలా?

ఇక తమ్ముడి సంగతి. పెద్దక్క తమ్ముడు సినిమాలకి చప్పుళ్ళు చేస్తాడు. తెర మీద మనిషి నడుస్తుంటే, స్టూడియోలో చీకటి గదిలో కూర్చుని చెప్పులతో ఆ అడుగులు వేసేది వీడు. తలుపు కిర్రుమనడం, గ్లాసు కింద పెట్టడం, చీర కుచ్చిళ్ళు సవరించుకోవడం, అన్నీ వీడి చేతుల్లోంచి వచ్చినవే. ఇరవై రెండేళ్ళ నుంచి అదే పని. నోట్లో నాలుక లేని మనిషి. ఎప్పుడు కొత్త సినిమాకి పనిచేసినా రెండు పాసులు తెచ్చి అక్కకి ఇచ్చేవాడు. ఆవిడ వాటిని పక్కింటివాళ్ళకి ఇచ్చేసేది. వారం తర్వాత వాడు "ఎలా ఉందక్కా?" అంటే, "బాగుందిరా" అనేది. వాడు పొంగిపోయేవాడు. ఇరవై రెండేళ్ళు అలాగే జరిగింది.

ఆ ఏడు తమ్ముడు పనిచేసిన సినిమాలో ఒకే ఇంట్లో ఉంటూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు ఉన్నారట. మాటలు తక్కువ. దాని కోసం ఒక ఆదివారం వాడు రికార్డు చేసే యంత్రాలు భుజాన వేసుకుని పెద్దక్క వంటింటికి వచ్చాడు. స్టీలు పళ్ళెం ఆవిడ చేతికిచ్చి కింద పడెయ్యమన్నాడు. పడేసింది. ఇంకోసారి అన్నాడు. అరవైసార్లు పడేయించాడు.

"నీ పిచ్చి తగలెయ్య, పళ్ళెం సొట్టలు పోయిందిరా!"

"సొట్ట పడ్డాకే బాగా మోగుతోందక్కా. ఇంకొక్కసారి. జారినట్టు వదులు, విసరకు."

ఆ సినిమాకి సౌండు అవార్డు పోటీలో తమ్ముడి పేరు వచ్చింది. ఇరవై రెండేళ్ళలో అదే మొదలు. అదే నెలలో స్టూడియో యజమాని చప్పుళ్ళ గది మూసేస్తానన్నాడు. కంప్యూటర్లో రెడీమేడ్ అడుగులు, రెడీమేడ్ తలుపులు దొరుకుతుంటే మనిషెందుకని ఆయన వాదన. "అవార్డు వస్తే ఉంచుతాను, నాకూ పేరు కదా. లేకపోతే వచ్చే నెల గది ఖాళీ చెయ్యి," అని మొహం మీదే చెప్పేశాడు. కాబట్టి అవార్డు వస్తే తమ్ముడికి పని ఉంటుంది, రాకపోతే ఉండదు. ఆ వయసులో చెప్పులతో అడుగులు వేసేవాడికి ఇంకెవరు పని ఇస్తారు?

తమ్ముడు అక్కని ఏమీ అడగలేదు. వాడి భార్య వచ్చింది.

"వదినా, మీరు ఆ పేపర్లో ఆయన పేరు ఒక్కటి రాయించండి. నలుగురి నోళ్ళలో పడితే మంచిదంటున్నారు."

"నేల ఏం చెబితే నేనదే చెబుతానమ్మాయ్. తమ్ముడనీ, మరదలనీ చీపురు తిప్పి పట్టుకోను."

"మరి నేలేం చెబుతోంది?"

పెద్దక్క టీ పెడతానని లేచింది. ఆ సినిమా ఆడిన వారం నేల ఘోరంగా ఉంది. ముందు వరస నుంచి వెనక గోడ దాకా పాప్‌కార్న్ చల్లినట్టు పడి ఉంది, కూల్ డ్రింకులు ఒలికి చెప్పులు జిగురుగా అంటుకుపోయాయి. జనం ఒక్క క్షణం కుదురుగా కూర్చోలేదని ఆవిడకి అర్థమైంది. తమ్ముడి మీద జాలేసింది. దానికి ముందు వారం ఆడిన రాజు సినిమాకి మాత్రం నేల అద్దంలా ఉంది. ఏనుగులు, కోటలు, కత్తులు ఉన్న సినిమా అది. సీటు సీటుకీ నిండు డబ్బాలు. మూటలు కట్టి మోస్తే భుజం నొప్పి పుట్టింది. అయిదు పేర్లూ దానికే చెప్పింది, సౌండుతో సహా. చెప్పాక మనసు గట్టిగా ఉంది. సొంత తమ్ముణ్ణి కూడా పక్కన పెట్టిన మనిషినని రెండు రోజులు తల ఎత్తుకుని తిరిగింది.

అవార్డులు నిర్ణయించేది ఏడుగురు పెద్దమనుషులు. ఏటా వాళ్ళు ఎక్కడో సొంత హాల్లో సినిమాలు చూసేవారు. ఆ ఏడు అక్కడ ఏసీ పాడైంది. అందుకని అయిదు రోజులు పొద్దున పది గంటలకి ఈ హాల్లోనే వాళ్ళకి రోజుకొక సినిమా వేశారు. మేనేజరు హడావుడి అంతా ఇంతా కాదు. సీట్లకి తెల్ల గుడ్డలు తొడిగించి, పెద్దక్క చేత బాత్రూములు రెండుసార్లు కడిగించాడు.

మొదటి రోజు ఏడుగురూ వచ్చారు. అరగంటకి ముగ్గురు ఫోను మాట్లాడుకుంటూ బయటికి పోయి మళ్ళీ రాలేదు. రెండో రోజు ఇంటర్వెల్ దాకా ఆగినవాళ్ళు నలుగురు. అందరికంటే పెద్దాయన బాత్రూము నుంచి తిరిగొస్తూ వసారాలో పెద్దక్కని ఆపాడు.

"ఏమ్మా, చివరికి ఎవరు చస్తారు ఇందులో?"

"నాకు తెలీదండీ. నేను ఊడుస్తాను."

"ఎవరో ఒకరు చస్తార్లే," అనుకుంటూ ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు.

మూడో రోజు వాళ్ళు వెళ్ళాక ఊడుస్తుంటే, సీటు కింద కాఫీ మరకల కాగితం ఒకటి దొరికింది. చూస్తే పేజీబాబు శీర్షిక. చీపురు బొమ్మ ఉంది, తను చెప్పిన అయిదు పేర్లున్నాయి. ఒక్కోదాని పక్కన సిరాతో టిక్కు. కింద ఎవరిదో చేతిరాత: "ఇవే వేసేద్దాం. మిగతా రెండూ చూడక్కర్లేదు. భోజనం వేళకి బయటపడదాం." దాని కింద ఇంకొకాయన రాశాడు: "ఏటా ఉన్నదేగా."

పెద్దక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. సీట్ల కింద ఎన్ని కంపులు ఎత్తినా ఎప్పుడూ రాని వాంతి గొంతు దాకా వచ్చింది. తొమ్మిదేళ్ళ నుంచి తన చీపురు జోస్యం చెబుతోందనుకుంది. చీపురు చెప్పిందల్లా ఈ ఏడుగురు దరిద్రులు కాపీ కొడుతున్నారు. తను వాళ్ళ మనసు కనిపెట్టిందేమీ లేదు, వాళ్ళు తన నోట్లోది లాక్కుని నమిలారు. ఆ రెండు తప్పులు కూడా ఎవడో కత్తిరింపు ఇంట్లో మర్చిపోయి రావడం వల్ల జరిగుంటాయి.

అయినా మనసుని సముదాయించుకుంది. వాళ్ళు వెధవలైతే అయ్యారు, తను చెప్పింది సరైనదేగా, నేల అబద్ధమాడదుగా అనుకుంది. ఆ కాస్త ధైర్యం కూడా క్యాంటీను ముసలాయన దగ్గర టీ తాగేదాకానే నిలిచింది.

"రాజు సినిమాకి మూటలు మోయలేక చచ్చాననుకో," అంది పెద్దక్క. "జనం మెతుకు ముట్టలేదు."

"ఎలా ముడతారు పెద్దక్కా?" అన్నాడు ముసలాయన నవ్వుతూ. "ఆ వారం నూనె కంపు కొట్టింది. మేనేజరు పాత డబ్బాలు అంటగట్టాడు, వాటితోనే వేయించాను. ఒక్కడు రెండో పిడికెడు నోట్లో పెట్టుకుంటే ఒట్టు. మరుసటి వారం కొత్త నూనె వచ్చిందిలే."

పెద్దక్క గ్లాసు పక్కన పెట్టేసింది. దేశంలోకెల్లా గొప్ప సినిమా ఏదో మురిగిన నూనె తేల్చింది. దానికి తన చీపురు సంతకం పెట్టింది.

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి పత్రికాఫీసుకి వెళ్ళింది. పేజీబాబు కుర్చీ వేసి, ఫ్యాను తన వైపు తిప్పి, అంతా విన్నాడు. నూనె దగ్గర పడీ పడీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"తప్పు చెప్పాను బాబూ. రేపటి పేపర్లో దిద్దెయ్యండి. నా మాట పట్టుకుని ఓట్లు వేసేస్తున్నారు వాళ్ళు."

"అది నాకు తెలీకపోతే కదా అక్కా. ఏటా వాళ్ళకి కత్తిరింపులు పంపేది నేనే. కవర్లో పెట్టి మరీ పంపుతాను."

"మీరా?"

"జోస్యం నిజమవ్వాలి కదా! ఇప్పుడు తప్పన్నామంటే పదేళ్ళ పరువు గంగలో కలుస్తుంది. నూనె కథ బాగుందిలే, ఎప్పుడైనా వాడుకుందాం."

పెద్దక్క లేచి నిలబడింది. ఇరవై నాలుగేళ్ళలో ఎన్నో రకాల చెత్త చూసింది గానీ, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుర్చీ వేసి మర్యాద చేసే చెత్తని చూడటం అదే మొదటిసారి. ఇంటికి వెళ్ళేదాకా చేతులు కడుక్కోవాలనిపిస్తూనే ఉంది.

అయిదో రోజు తమ్ముడి సినిమా. చూడక్కర్లేదనుకున్నవాళ్ళలో ముగ్గురు వచ్చారు, బయట ఎండగా ఉందని, లోపల ఏసీ ఉందని. పెద్దక్క టీ గ్లాసు పట్టుకుని వెళ్ళి ఆఖరి వరసలో కూర్చుంది. ఇరవై నాలుగేళ్ళు ఊడ్చిన సీట్లలో కూర్చోవడం అదే మొదలు. అంత మెత్తగా ఉంటాయని ఆవిడకి తెలీదు.

తెర మీద ఇల్లు. అన్న ఒక గదిలో, తమ్ముడు ఒక గదిలో. మాటల్లేవు. గోడ గడియారం, చెప్పులు విడవడం, బకెట్లో నీళ్ళు నిండటం. ఆ అడుగులు తన తమ్ముడివని పెద్దక్క గుర్తుపట్టింది. ఎడమ కాలు కాస్త ఈడ్చి వేస్తాడు వాడు, చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డప్పటి నుంచి. చూస్తూ చూస్తూ ఉండగా ఆ ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, ముందు వరసల్లో ముగ్గురి గురక కూడా ఆవిడ చెవికి ఎక్కలేదు. తెర మీద ముసలి తల్లి వంటింట్లోకి వెళ్ళింది. ఇక కనబడలేదు. కొడుకులిద్దరూ వాళ్ళ వాళ్ళ గదుల్లో ఉన్నారు. చాలాసేపు ఏమీ లేదు.

పళ్ళెం పడింది.

అరవైసార్లు తన చేత్తో పడేసిన పళ్ళెం అది. పడుతుందని తెలిసీ పెద్దక్క సీట్లో ఎగిరిపడింది. గ్లాసు చేజారి టీ చీర మీద, సీటు మీద, నేల మీద ఒలికిపోయింది. వంగి నేలకేసి చూసింది. ఆ వారం ముందు వరస నుంచి వెనక గోడ దాకా చల్లినట్టు పడి ఉన్న పాప్‌కార్న్ ఇప్పుడు అర్థమైంది. విసుగుతో రాలింది కాదు. ఆరువందల నలభై మందీ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. ఆట ఆటకీ, వారం రోజులూ.

ముందు వరసలో గోల మొదలైంది. నిద్రపోతున్న పెద్దాయన ఉలిక్కిపడి లేవడంతో కాఫీ పంచె మీద పోసుకున్నాడు.

"ఏం సౌండయ్యా ఇది, గుండె ఆగి చచ్చేవాణ్ణి! ఎవడా చేసినవాడు?"

పెద్దక్క దిగి వాళ్ళ ముందుకి వెళ్ళింది.

"అయ్యా, పేపర్లో చీపురు జోస్యం చెప్పేది నేనండీ. ఈసారి తప్పు చెప్పాను. సౌండు అవార్డు ఈ సినిమాకి రావాలి. మీరే చూడండి, నిద్రలోంచి లేచారు కదా."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకాయనకి నవ్వొచ్చింది.

"చీపురంటే నిజంగా చీపురా? ఆ పేజీబాబు ఏదో చమత్కారంగా పేరు పెట్టుకున్నాడనుకున్నాను."

"అంటే ఇన్నేళ్ళూ ఈవిడ చెప్పిందా..." అని రెండో ఆయన సగంలో ఆపేశాడు. మొహం చేదు మింగినట్టు పెట్టాడు. వాళ్ళకీ అసహ్యమేసింది, కాకపోతే తమ మీద కాదు.

"సరే సరేలేమ్మా," అన్నాడు పెద్దాయన పంచె దులుపుకుంటూ. "ముందు ఈ కాఫీ తుడు."

తుడిచింది. ఏం చేస్తుంది మరి?

అవార్డుల సాయంత్రం హాలు వసారాలో టీవీ పెట్టారు. అయిదు అవార్డులూ రాజు సినిమాకే వచ్చాయి. సౌండు అవార్డు అందుకున్నవాడు ఏనుగులకి కృతజ్ఞత చెప్పాడు. పేజీబాబు ఫోను చేసి "అయిదుకి అయిదు అక్కా!" అని కేకలు పెట్టాడు. మేనేజరు పెద్దక్కకి శాలువా కప్పబోయాడు. ఆవిడ ఆ శాలువాతోనే టీవీ కింద ఎవరో ఒలకబోసిన కూల్ డ్రింకు తుడిచి, చెత్తబుట్టలో పడేసింది. అలిసిపోయి ఉందని అందరూ సర్దుకున్నారు.

మర్నాడు పొద్దున తమ్ముడు ఇంటికొచ్చాడు. కోపంగా లేడు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నారని చెప్పి, స్టూలు మీద కూర్చున్నాడు. పెద్దక్క టీ పెట్టి ఇచ్చింది. ఇక దాచడం చేతకాక నూనె సంగతి, కత్తిరింపు సంగతి, కాఫీ సంగతి అన్నీ చెప్పేసింది.

"నేలంతా పాప్‌కార్న్ ఉంటే జనానికి విసుగనుకున్నానురా. నీ పళ్ళేనికి ఎగిరిపడ్డారని తెలీలేదు."

వాడు గ్లాసు పట్టుకుని అలాగే చూశాడు. వాడి మొహంలో నిజంగా అర్థం కాకపోవడమే ఉంది.

"అదేంటక్కా? సినిమా చూశావు కదా, పాసులిచ్చాను. పళ్ళెం పడ్డప్పుడు నువ్వూ ఉలిక్కిపడి ఉంటావు. మరి ఆ పాప్‌కార్న్ ఎందుకు పడిందో నీకు తెలియకపోవడమేంటి?"

పెద్దక్క నోరు తెరిచింది. "బాగుందిరా" అన్న పాత మాటే నాలిక మీదికి వచ్చింది. దాన్ని మింగేసింది.

"మొన్ననే చూశాను. పాసుల మీద చూడలేదు."

"పోయినేడుది?"

"లేదు."

"నేను మొదట చేసింది? వర్షం సీను? నువ్వు ఏడ్చానన్నావు కదక్కా."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ కాగితం దొరికినప్పటి నుంచి పేజీబాబునీ, ఏడుగురు పెద్దమనుషుల్నీ ఏమని తిట్టుకుందో ఆ మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి ఆవిడ ముందు కూర్చున్నాయి. చూడకుండా చెప్పేవాళ్ళు. వాళ్ళు ఏటా అయిదు రోజులే చేశారు ఆ పని.

తమ్ముడు గ్లాసు నేల మీద పెట్టాడు, చప్పుడు కాకుండా. చెప్పులు వేసుకున్నాడు. ఆ తలుపు ఎవరు తీసినా కిర్రుమంటుంది, ఒక్క వాడికే కాస్త పైకెత్తి తియ్యడం తెలుసు. అలాగే తీసి, అలాగే వేసి వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి పెద్దక్క చీపురు తీసుకుని వచ్చింది. స్టూలు పక్కన టీ అంచుల దాకా అలాగే ఉంది, పైన మీగడ కట్టేసింది. నిండు గ్లాసు ఎందుకు వదిలేసి పోతారో ఈసారి ఆవిడకి సరిగ్గా తెలుసు.